పాత ఇత్తడి స్విచ్చి, కొత్త గోడ: ప్రమాదం లేకుండా బిగించడం ఎలా?

పాత ఇల్లు పడగొడుతున్న చోటో, పాత సామాన్ల కుప్పలోనో ఒక గుండ్రటి ఇత్తడి స్విచ్చి కంటపడుతుంది. బోర్లించిన చిన్న గిన్నెలాంటి మూత, మధ్యలోంచి పొడుచుకొచ్చిన బుడిపె, లోపల పింగాణీ దిమ్మ. వేలితో కిందికి నొక్కితే ‘టక్’మంటుంది. ఆ చప్పుడుకే సగం మంది మనసు పారేసుకుంటారు. నేనూ అంతే. తుడిచి, మెరుగు పెట్టి, నేరుగా గోడకు బిగించేశాను. నెలన్నర తర్వాత ఒక రాత్రి లైటు వేస్తే కాలిన వాసన వచ్చింది. మూత విప్పితే పింగాణీ మీద నల్లటి చార, ఒక స్క్రూ కింద కరిగిపోయిన వైరు తొడుగు. తప్పు స్విచ్చిది కాదు, నాదే. ఆ స్క్రూ మర అరిగిపోయిందని, వైరును సరిగా పట్టడం లేదని బిగించేటప్పుడే చేతికి తెలిసింది. ఫర్వాలేదులే అనుకున్నాను.

ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే దానంతట అదే పడిపోయే మెయిన్ బోర్డు స్విచ్చి) ఎందుకు పడిపోలేదని అప్పట్లో నాకు పెద్ద సందేహం. వైరు లూజుగా ఉంటే అక్కడ వేడి పుడుతుంది కానీ లైన్లో కరెంటు పెరగదు. ఎంసీబీ చూసేది కరెంటు పెరిగిందా లేదా అనే. దాని పక్కనే ఉండే మరో రక్షణ స్విచ్చి ఆర్‌సీసీబీ చూసేది బయటికి లీకవుతోందా అని. లూజు కనెక్షన్ వేడి ఈ రెండింటి కంటా పడదు. అందుకే పాత సామాను విషయంలో బిగించక ముందు చూసుకున్నదే రక్షణ.

పాత స్విచ్చిని రెండు వస్తువులుగా చూడండి. ఒకటి కంటికి కనిపించే మూత, బుడిపె, చెక్క దిమ్మ. రెండోది లోపల కరెంటు పారే భాగం. మొదటిదాన్ని మీరు ఎంతైనా ముద్దు చేసుకోవచ్చు. రెండోదానికి మాత్రం మొహమాటం లేకుండా పరీక్ష పెట్టాలి. తప్పితే దాన్ని తీసేసి కొత్త మెకానిజం పెట్టాలి, లేదా మెయిన్ కరెంటు దాని దాకా రాకుండా చేయాలి. ఎలాగో కింద చెబుతాను.

ఇంకో మాట. ఇంటి వైరింగులో చేయి పెట్టడం చాలాచోట్ల లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియనే చేయాల్సిన పని. విప్పడం, తుడవడం, చూడటం, బల్ల మీద మీటరుతో కొలవడం మీరు చేయండి. గోడలో కలపడం అతనికి వదలండి. అతను ‘ఇది పనికిరాదు’ అంటే కోపం తెచ్చుకోకుండా కారణం అడగండి.

చేతిలో ఉన్నది ఏమిటి?

ముందు వెనక్కి తిప్పి అక్షరాలు చదవండి. పింగాణీ మీదో ఇత్తడి మీదో ‘5 యాంప్, 250 వోల్ట్’ లాంటి ముద్ర ఉంటుంది. మీ ఇంటికి 230 వోల్టులు వస్తుంటే, 125 అని రాసి ఉన్న స్విచ్చిని ఆ లైనుకు వాడకూడదు. అసలు ఏ ముద్రా లేకపోతే మెయిన్ కరెంటు ఆలోచన అక్కడే మానేయండి.

ఆ ‘టక్’ చప్పుడుకు ఒక కథ ఉంది. తొలినాళ్లలో చాలా ఊళ్లకు డీసీ కరెంటే వచ్చేది. స్విచ్చి ఆపగానే రెండు లోహపు ముక్కల మధ్య నిప్పు గీత లేస్తుంది. ఏసీ అయితే 50 హెర్ట్జ్ దగ్గర కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు దిగుతుంది కాబట్టి ఆ గీత తనంతట తానే ఆరిపోతుంది. డీసీకి ఆ సున్నా లేదు, గీత అలా మండుతూ లోహాన్ని తినేస్తుంది. వేలు ఎంత నెమ్మదిగా కదిపినా కాంటాక్టులు మాత్రం స్ప్రింగు బలంతో ఒక్క ఉదుటున విడిపోవాలని 1884లో ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో జాన్ హెన్రీ హోమ్స్ ఒక స్విచ్చి చేశాడు. మనకు నచ్చే చప్పుడు ఆ స్ప్రింగుదే. కాబట్టి బుడిపెను మెల్లగా, బాగా మెల్లగా కదిపి చూడండి. సగం దారిలో తనంతట తాను దూకాలి. మధ్యలో ఆగి నిలబడిందంటే స్ప్రింగు చచ్చిపోయింది. అలాంటి స్విచ్చికి మెయిన్ కరెంటు ఇస్తే ఏదో ఒక రోజు ఎవరో సగం నొక్కి వదిలేస్తారు, లోపల నిప్పు గీత మండుతూనే ఉంటుంది.

నల్లగా, గోధుమ రంగులో గట్టిగా ఉండే ప్లాస్టిక్ లాంటిది బేకలైట్ కావచ్చు. లియో బేక్‌లాండ్ దాన్ని కనిపెట్టింది 1907లో. బేకలైట్ మూత చూపించి ‘ఇది 1890 నాటిది’ అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోవచ్చు.

కొన్నిటిని మాత్రం విప్పకుండానే పక్కన పెట్టేయాలి.

అస్సలు చప్పుడు చేయని పాత స్విచ్చి అయితే లోపల పాదరసం ఉన్న రకం కావచ్చు. విప్పకండి, ఊపకండి. చీకట్లో కనబడేందుకు గొలుసు చివరో బుడిపె మీదో మెరిసే చుక్క పెట్టిన పాతవాటిలో రేడియం కలిపిన రంగు వాడేవారు. ఆ మెరుపు పోయినా రేడియం పోదు. దాని అర్ధాయువు దాదాపు 1600 ఏళ్లు. గీకవద్దు. పాత దీపాల లోపల వైరు చుట్టూ తెల్లగా, దూదిలా పీచుపీచుగా తొడుగు కనిపిస్తే అది ఆస్‌బెస్టాస్ అనుకునే నడవాలి. కొన్ని బేకలైట్ సరుకుల్లోనూ ఆ పీచు కలిపేవారు కాబట్టి బేకలైట్‌ను పొడిగా సానపట్టడం, డ్రిల్ చేయడం వద్దు. పాత రంగులో సీసం ఉండే అవకాశం ఉంది, దాన్నీ గరుకు కాగితంతో రుద్దవద్దు.

పాత ప్లగ్ సాకెట్ల గురించి ఒక్క మాటే: వాడకండి. వాటి రంధ్రాలకు మూతలు ఉండవు, చాలావాటికి ఎర్త్ ఉండదు, ఇప్పటి ప్లగ్గులు వాటిని గట్టిగా పట్టుకోవు. రాగి పట్టీలు బయటికే కనిపించే నైఫ్ స్విచ్చిలైతే అద్దాల బీరువాలో బాగుంటాయి.

విప్పి చూడండి

బల్ల మీద తెల్ల గుడ్డ పరచుకోండి, కిందపడిన చిన్న స్క్రూ కనబడాలి కదా. పాత ఇత్తడి స్క్రూల గాడి సన్నగా ఉంటుంది. దానికి సరిపడే స్క్రూడ్రైవరే వాడండి. రాకపోతే ఒక చుక్క పలుచటి నూనె వేసి రాత్రంతా వదిలేయండి. మూత సాధారణంగా మర తిప్పితే ఊడుతుంది. ఊడదీసే ముందు, ఊడదీశాక, ప్రతి అడుగులో ఫొటో తీసుకోండి.

మూత లోపలి వైపు చూడండి. చాలా ఇత్తడి మూతల లోపల అట్టలాంటి ఫైబరు పొర అతికించి ఉండేది. వైరు పోగు ఒకటి పైకి లేచినా మూతకు తగలకుండా ఆపేది అదే. మన చేతికి వచ్చేసరికి అది సగం రాలిపోయి ఉంటుంది. రాలిపోయి ఉంటే కరెంటు పనికి వాడే కొత్త ఇన్సులేషన్ షీట్ కత్తిరించి పెట్టాలి. మామూలు అట్ట ముక్క పెట్టవద్దు.

తర్వాత పింగాణీ. దీన్ని తీరిగ్గా చూడాలి. వేలిగోటితో కొట్టండి. మంచి పింగాణీ కంచులా మోగుతుంది, పగిలినది మొద్దుగా పలుకుతుంది. తర్వాత చీకటి గదిలో టార్చి వెలుగును పక్క నుంచి ఏటవాలుగా వేయండి. వెంట్రుకంత పగులు అప్పుడు నీడగా కనిపిస్తుంది. అనుమానంగా ఉన్న చోట కొంచెం సిరా పూసి వెంటనే తుడవండి. పైన మెరుపు ఉన్న చోట సిరా పోతుంది, పగులులో మాత్రం గీతగా ఉండిపోతుంది. ఆ గీత రెండు టెర్మినళ్ల (వైరు బిగించే చోట్ల) మధ్య ఉన్నా, టెర్మినల్ నుంచి స్క్రూ రంధ్రం వైపు పోతున్నా ఆ దిమ్మ పని అయిపోయినట్టే. తేమ, దుమ్ము చేరిన పగులులోంచి కరెంటు పాకుతుంది. జిగురుతో అతికించినా ఆ దారి మూసుకుపోదు.

కాంటాక్టుల మీద కొంచెం నలుపు సహజం. గుంటలు పడి, అంచులు కరిగి ముద్దలు కట్టి ఉంటే వద్దు. టెర్మినల్ స్క్రూలు ఒక్కొక్కటీ పూర్తిగా విప్పి, మళ్లీ ఒక రాగి వైరు ముక్క పెట్టి బిగించి లాగండి. వైరు రావద్దు, స్క్రూ ఊరికే తిరగవద్దు. నా స్విచ్చి తప్పింది ఇక్కడే. స్క్రూ ఒక్కటే అరిగితే అదే మరతో మరొకటి దొరకవచ్చు. లోపలి ఇత్తడి దిమ్మ మర అరిగితే ఆ స్విచ్చితో మెయిన్ కరెంటు పనికి స్వస్తి చెప్పండి.

లోపల పాత వైరు ముక్కలు మిగిలి ఉంటే వంచి చూడండి. నూలు అల్లిక కింద రబ్బరు బిస్కట్టులా పొడిపొడిగా రాలుతుంది. ఒక్క అంగుళం కూడా మిగలకుండా తీసేయండి. మీ గోడలోని వైరింగే అలా ఉంటే ముందు చూసుకోవాల్సింది స్విచ్చిని కాదు, ఇంటిని.

తోమడంలో పొరపాట్లు

ఇత్తడి మూతను విడిగా తీసి, పాలిష్ క్రీముతో మీ ఇష్టం వచ్చినంత తోముకోండి. పులుపు, ఉప్పు కలిపి రుద్దితే చిలుము త్వరగా పోతుంది కానీ మరల్లో మిగిలిన తడి ఉప్పు మళ్లీ చిలుము పట్టిస్తుంది, కరెంటుకూ దారి ఇస్తుంది. అలా చేస్తే మంచినీళ్లతో బాగా కడిగి పూర్తిగా ఆరబెట్టండి. పింగాణీని వేడినీళ్లలో చుక్క సబ్బుతో మెత్తటి బ్రష్షు పెట్టి కడగవచ్చు, అయితే లోహపు భాగాలన్నీ విప్పాకే. వెనకవైపు మెరుపు పూత ఉండదు, అక్కడ తడి నిలుస్తుంది. రెండు మూడు రోజులు గాలికి వదలండి.

కాంటాక్టుల్ని గరుకు కాగితంతో అరగదీయకండి. కరెంటు సామానుకు వాడే కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొట్టి గట్టి కాగితం ముక్క మధ్యలో పెట్టి లాగితే చాలు. స్ప్రింగు ఇరుసు దగ్గర నూనె వరదలా పోయకండి. నూనెకు దుమ్ము అంటుకుంటుంది, ఆ దుమ్ము కాలుతుంది.

మీటరు ఏమంటోంది?

మామూలు మల్టీమీటరు రెండు పుల్లలూ కలిపి ఓం అంకె రాసుకోండి. తర్వాత స్విచ్చి ఆన్ చేసి రెండు టెర్మినళ్ల మీద పెట్టండి. దాదాపు అదే అంకె రావాలి. ఓ 20 సార్లు వేసి ఆపుతూ చూడండి. అంకె ఒకసారి తక్కువ, ఒకసారి ఎక్కువగా ఆడుతుంటే కాంటాక్టు పట్టు పోయింది.

రెండో పరీక్షకు మెగ్గర్ (ఎక్కువ వోల్టేజీ పెట్టి ఇన్సులేషన్ ఎంత గట్టిదో కొలిచే మీటరు) కావాలి, అది ఎలక్ట్రీషియన్ దగ్గర ఉంటుంది. 500 వోల్టుల డీసీ పెట్టి మూడు చోట్ల కొలవమనండి: ఆఫ్‌లో ఉన్నప్పుడు రెండు టెర్మినళ్ల మధ్య, టెర్మినల్‌కు ఇత్తడి మూతకు మధ్య, టెర్మినల్‌కు బుడిపెకు మధ్య. ఇంటి సర్క్యూట్లకు కనీసం 1 మెగా ఓం రావాలన్నది అంతర్జాతీయ ప్రమాణం. కానీ ఒక్క స్విచ్చిని పట్టుకుని 1 వచ్చిందని సంతోషపడకండి. శుభ్రంగా, పొడిగా ఉన్న మంచి పింగాణీ వందల మెగా ఓంలు చూపిస్తుంది. రెండంకెల దగ్గర ఆగిపోతే ఇంకా తడో మురికో ఉన్నట్టు. బుడిపె పరీక్షను మాత్రం మరవద్దు. కొన్నిటిలో బుడిపె కూడా ఇత్తడిదే, దానికీ లోపలి కరెంటుకూ మధ్య ఉండేది ఒక చిన్న ఇన్సులేషన్ ముక్క.

మూడు దారులు

పరీక్షలన్నీ నెగ్గితే మొదటి దారి తెరుచుకుంటుంది: పాత లోపలి భాగాన్నే వాడటం. అప్పుడూ దాన్ని కేవలం లైట్లకే, తక్కువ లోడుకే పరిమితం చేయండి. 5 యాంపులు అని రాసి ఉన్నా నేను 1 యాంపు దాటనివ్వను. ఫ్యానుకు, మోటారుకు, గీజరుకు వద్దు. ఎల్‌ఈడీ బల్బులు తక్కువ కరెంటు తాగుతాయి కదా అనే ధీమా కూడా పూర్తిగా నమ్మవద్దు. 9 వాట్ల బల్బులు పది వేసినా నడిచేటప్పుడు యాంపు దాటదు, నిజమే. కానీ వాటి లోపల కెపాసిటర్లు ఉంటాయి, స్విచ్చి వేసిన ఆ క్షణంలో అవి ఎన్నో రెట్లు ఎక్కువ కరెంటును ఒక్కసారిగా లాగుతాయి. పాత కాంటాక్టులు అతుక్కుపోయేది అప్పుడే. ఒక స్విచ్చికి మూడు నాలుగు బల్బులు చాలు.

రెండో దారి, లోపలి భాగాన్ని తీసేసి పాత మూత కింద కొత్త మెకానిజం పెట్టడం. పాత రూపంతో, ఇప్పటి ప్రమాణాలతో కొత్తగా తయారయ్యే గుండ్రటి స్విచ్చిలూ ఉన్నాయి. వాటి దిమ్మ మీద మీ పాత మూత కూర్చుంటుందేమో కొలిచి చూడండి. మరలు కలవడం అదృష్టం. కలవకపోతే బలవంతంగా ఎక్కించకండి.

మూడోది నాకు బాగా నచ్చిన దారి. పాత స్విచ్చిని పాత స్విచ్చిగానే ఉంచి, దాని గుండా 12 లేదా 24 వోల్టులు మాత్రమే పంపడం. ఆ చిన్న కరెంటు ఒక రిలేను (కాయిల్ అయస్కాంతంతో కదిలే స్విచ్చిని) కదుపుతుంది, ఆ రిలే లైటును వెలిగిస్తుంది. మెయిన్ కరెంటు అంతా ఎంసీబీ బాక్సు పక్కన, కొత్త డబ్బాలో. గోడ మీది ఇత్తడి మూత ముట్టుకున్నా భయం లేదు. ఇందులో మూడు జాగ్రత్తలున్నాయి. ఆ 12 లేదా 24 వోల్టులు ఇచ్చే విద్యుత్ సరఫరా యూనిట్ పూర్తి ఐసోలేషన్ ఉన్న (మెయిన్ కరెంటుతో నేరుగా కలవని) మంచి రకం కావాలి. తక్కువ వోల్టేజీ వైర్లను మెయిన్ వైర్లున్న పైపులో దూర్చకూడదు, వాటికి వేరే దారి వేయాలి. మూడోది చాలామందికి తట్టదు: మరీ చిన్న కరెంటు పంపితే పాత కాంటాక్టు మీది సన్నటి ఆక్సైడు పొర దాటదు, లైటు ఒకసారి వెలిగి ఒకసారి వెలగదు. స్మార్ట్ మాడ్యూళ్ల స్విచ్చి టెర్మినళ్లతో కొన్నిసార్లు ఈ తలనొప్పి వస్తుంది. కొన్ని పదుల మిల్లీ యాంపులు తాగే మామూలు కాయిల్ రిలే పెడితే ఆ బెడద ఉండదు. డీసీ కాయిల్ అయితే దానికి అడ్డంగా ఒక డయోడ్ (కరెంటును ఒకే వైపు పోనిచ్చే చిన్న భాగం) పెట్టించండి, లేకపోతే ఆపిన ప్రతిసారీ కాయిల్ తన్నే వోల్టేజీకి పాత కాంటాక్టు కాలుతుంది.

గోడకు ఎక్కించేటప్పుడు

ముందు ఎంసీబీ దింపి, ఇంకెవరూ ఎత్తకుండా టేపు వేసి చీటీ అంటించండి. తర్వాత కరెంటు లేదని నిర్ధారించుకోండి. నియాన్ టెస్టర్ ఒక్కదాన్నే నమ్మవద్దు. రెండు పుల్లల వోల్టేజీ టెస్టర్‌ను ముందు కరెంటు ఉన్న చోట పెట్టి పనిచేస్తోందని చూసి, ఇక్కడ పెట్టి చూసి, మళ్లీ కరెంటు ఉన్న చోట చూడాలి. మధ్యలో టెస్టరే చచ్చిపోయి ఉంటే మీకు తెలిసేది అలాగే.

స్విచ్చి ఫేజు వైరులోనే ఉండాలి. పాత ఇళ్లలో న్యూట్రల్‌లో పెట్టినవి కనిపిస్తాయి. లైటు ఆరుతుంది కానీ హోల్డర్‌లో కరెంటు అలాగే ఉంటుంది, బల్బు మార్చబోయినవాడికి షాక్ కొడుతుంది.

మెయిన్ కరెంటు వస్తున్న ఇత్తడి మూతకు ఎర్త్ తప్పనిసరి. పాత పింగాణీ దిమ్మకు ఎర్త్ టెర్మినల్ ఉండదు. మూత మర ఎక్కే ఇత్తడి రింగుకు ఒక ఎర్త్ లగ్ గట్టిగా బిగించాలి. మూత మీద వార్నిష్ ఉంటే అదీ ఇన్సులేషనే కాబట్టి మర ఉన్న చోట దాన్ని తీసేయండి. అంతా బిగించాక మూత నెత్తి నుంచి ఎర్త్ దాకా కొలిస్తే 0.5 ఓం లోపు రావాలి. ఎర్త్ ఇవ్వడానికి ఏ దారీ లేకపోతే పింగాణీ మూతో, తక్కువ వోల్టేజీ దారో ఎంచుకోండి.

చెక్క దిమ్మను నేరుగా గోడకు కొట్టి దాని వెనక వైర్లు కుక్కే పాత పద్ధతి వద్దు. వెనక మంట అంటుకోని డబ్బా ఉండాలి, వైరు జాయింట్లు అందులోనే ఉండాలి. చెక్క పైకి అందానికే. ఆ లైనుకు 30 మిల్లీ యాంపుల ఆర్‌సీసీబీ, చిన్న రేటింగ్ ఎంసీబీ ఉన్నాయో లేదో చూసుకోండి. స్నానాల గదిలో, చెమ్మ గోడ మీద పాత స్విచ్చి ఏ దారిలోనూ వద్దు.

పాత దీపాలు వేలాడదీసే ముందు

దీపాల విషయంలో నా నియమం చిన్నది: లోహం, గాజు పాతవి, వైరు, హోల్డర్ కొత్తవి. పాత హోల్డర్ ఎంత బాగున్నా మార్చేస్తాను. నూలు అల్లిక చూడముచ్చటగా ఉంటుందని పాత వైరును ఉంచక్కర్లేదు. పైన నూలు, లోపల కొత్త ఇన్సులేషన్ ఉన్న వైరు దొరుకుతుంది. లోహపు దీపానికి మూడు కోర్ల వైరు వేయండి, మూడోది ఎర్త్. గొలుసుకు వేలాడుతోంది కదా, గొలుసే ఎర్త్ అవుతుందిలే అనుకోవద్దు. లింకు లింకుకూ మధ్య వార్నిష్, చిలుము ఉంటాయి.

మర హోల్డర్ అయితే న్యూట్రల్ మర తొడుగుకు, ఫేజు అడుగున ఉన్న బొడిపెకు రావాలి. తారుమారైతే బల్బు తిప్పేటప్పుడు వేలికి తగిలే లోహంలో కరెంటు ఉంటుంది.

దీపం బరువును వైరు మొయ్యకూడదు. కొక్కెం, గొలుసు మొయ్యాలి. లైట్ల ప్రమాణాల్లో వేలాడే దీపాలకు ఒక పరీక్ష ఉంది: దాని బరువుకు నాలుగింతలు గంటసేపు వేలాడదీయాలి. ఇంట్లోనూ చేయవచ్చు. 3 కిలోల దీపమైతే కొక్కేనికి 12 కిలోల ఇసుక సంచి కట్టి, కింద ఎవరూ లేకుండా గంట వదలండి.

గ్యాసు దీపాలను కరెంటుకు మార్చినవైతే గొట్టాలు సన్నగా, అంచులు కత్తుల్లా ఉంటాయి. ప్రతి అంచునూ ఆకురాయితో నున్నగా చేసి బుష్ (వైరు కోసుకోకుండా అంచుకు తొడిగే చిన్న రింగు) పెట్టాకే వైరు లాగండి.

బల్బు ఎల్‌ఈడీ అయితే పాత షేడ్లకు వేడి బాధ చాలా తగ్గుతుంది. కాకపోతే అన్ని వైపులా మూసిన గాజు బుడ్డిలో ఎల్‌ఈడీ తన వేడికి తనే ఉడికి తొందరగా పోతుంది. మూసిన దీపాల్లో వాడవచ్చని డబ్బా మీద రాసి ఉన్న బల్బే తీసుకోండి.

వెలిగించిన తర్వాత

మొదటి రోజు లైటు వేసి గంట తర్వాత చేతి వెనకవైపుతో మూతను తాకి చూడండి. చుట్టూ గోడ ఎంత చల్లగా ఉందో అదీ అంతే ఉండాలి. గోరువెచ్చగా తగిలినా, సన్నగా జుయ్యిమన్నా, లైటు ఒక్కసారి మిణుకుమన్నా వెంటనే ఎంసీబీ దింపి మూత విప్పించండి. నెల తర్వాత కరెంటు ఆపి టెర్మినళ్లు ఇంకో చుట్టు బిగుస్తాయేమో చూడండి, రాగి కొంచెం నలుగుతుంది కాబట్టి తరచూ బిగుస్తాయి. ఆపైన ఏడాదికోసారి సరిపోతుంది.

కాలిపోయిన నా స్విచ్చి ఇప్పుడు అదే గోడ మీద 24 వోల్టులతో పనిచేస్తోంది. పింగాణీ మీద నల్లటి చార అలాగే ఉంది. ఎంసీబీ బాక్సు తలుపు లోపలివైపు పెద్ద అక్షరాలతో ఒక స్టిక్కరు అంటించాను: ‘హాల్లో ఇత్తడి స్విచ్చి 24 వోల్టులది. దీనికి 230 ఇవ్వకండి.’ ఈ దారి ఎంచుకుంటే మీరూ అంటించండి. రేపు రిపేరుకు వచ్చే మనిషికి ఆ స్విచ్చి లోపల ఏముందో చూడగానే తెలియదు.